కింది వాటా

2024 జూన్‌లో మేం బొబ్బిలి వదిలి బెజవాడ వచ్చాం. మా ఆయనకి వన్‌టౌన్‌లో ఒక హోల్‌సేల్ బట్టల కొట్లో లెక్కలు రాసే పని కుదిరింది. నేను ల్యాబ్ టెక్నీషియన్ని. సూర్యారావుపేట నిండా ఆసుపత్రులే గనక నాకూ అక్కడ ఒక ల్యాబ్‌లో దొరికింది. బాబు నాలుగో తరగతిలోకి వచ్చాడు. ఇక మా అత్తమ్మ. డెబ్భై దాటాయి, రెండు మోకాళ్లూ అరిగిపోయాయి, పొద్దునా రాత్రీ ఇన్సులిన్ చెయ్యాలి. ఇల్లు వెతికేటప్పుడు గాలీ వెలుతురూ, వంటగట్టూ, బస్సూ బడీ, దేనికైనా సర్దుకుందాం అనుకున్నాం గానీ రెండు విషయాలు మాత్రం మా చేతిలో లేవు. అద్దె ఎనిమిది వేలు దాటకూడదు. కింది వాటా అయ్యుండాలి.

ఈ రెండు షరతులు పెట్టుకుని బెజవాడ తిరిగితే ఊరు ఎలా కూర్చుందో ఇట్టే తెలిసిపోతుంది. దక్షిణాన కృష్ణ. నడుమ కొండలు, ఇంద్రకీలాద్రి, మొగల్రాజపురం కొండ, గుణదల కొండ. ఉత్తరాన బుడమేరు. వీటి మధ్య నేల ఎక్కడ ఎత్తుగా, గట్టిగా ఉందో అక్కడ అద్దె మాకు అందదు. తక్కువలో కావాలంటే కొండ పక్కకి ఎక్కాలి, లేదా నీటి వైపుకి దిగాలి. కొండ మీద ఇళ్లు నాలుగైదు వేలకే ఉన్నాయి. కానీ ఆ మెట్లు చూడగానే అత్తమ్మ, "ఓలమ్మా, నానెక్కనేను" అనేసింది. అలా కొండలు పోయాయి.

పటమటలో డబుల్ బెడ్రూమ్ కింది వాటా పదిహేనుకి తక్కువ ఎవరూ చెప్పలేదు. సింగిల్ బెడ్రూమ్ ఒకటి పదకొండుకి ఉందంటే, కష్టమైనా సరే చూద్దామని వెళ్లాం. ఇంటావిడ గేటు తియ్యకుండానే "మీరేవిట్లు?" అంది. చెప్పాను. "మావారు వచ్చాక ఫోన్ చేయిస్తానమ్మా" అంది, నా నంబరు మాత్రం అడగలేదు. మొగల్రాజపురంలో ఒకాయన మా అత్తమ్మని చూసి, పెద్దవాళ్లుంటే బాత్రూమ్ వాడకం ఎక్కువ, మోటారు తట్టుకోదు అన్నాడు. గుణదలలో మాంసం వండకూడదన్నారు. దానికీ ఒప్పుకుందామనుకునేలోపే ఇల్లు ఇంకెవరికో ఇచ్చేశారు. ఎండలు తగ్గలేదు, బళ్లు తెరిచేశారు, మా సామాను ఇంకా బొబ్బిల్లోనే ఉంది.

బ్రోకరు దొరికింది అప్పుడే. మా మాట అంతా విని, "కృష్ణలంకలో మీ రేటుకి ఉన్నాయమ్మా, కానీ నేను చూపించను. 2009లో కృష్ణ వచ్చి ఇళ్లలోంచి జనాన్ని లేపింది. ఇప్పుడు గోడ కట్టారనుకోండి, అయినా చిన్నపిల్లాడితో, ముసలమ్మతో ఎందుకు? సింగ్‌నగర్ చూపిస్తా. అక్కడికి కృష్ణ రాదు" అన్నాడు. ఆ మాటకి నేను దణ్ణం పెట్టాను. ఊరు తెలియని మాకు ఇంత మంచి చెప్పే మనిషి దొరికాడనుకున్నాను.

సింగ్‌నగర్ ఫ్లైఓవర్ దిగి పాయకాపురం వైపు పోతుంటే ఒక సందులో ఆ ఇల్లు. కింద ఒక వాటా, పైన ఒక వాటా, ఓనరు వేరేచోట ఉంటారు. రెండు గదులు, వంటిల్లు, వెనక అంట్లు తోముకునే జాగా. గోడలకి కొత్తగా రంగు వేశారు, గచ్చు మీద టైల్స్ మెరుస్తున్నాయి. అద్దె 7,500. అడ్వాన్సు రెండు నెలలది. బ్రోకరుకి సగం నెల. ఎక్కడా మెట్టు ఎక్కే పని లేదు, పైగా రోడ్డు మీదనుంచి గుమ్మంలోకి జానెడు దిగాలి. సిమెంటు రోడ్డు మీద మళ్లీ సిమెంటు రోడ్డు పోసుకుంటూ వచ్చి ఇళ్లని పల్లం చేశారు. పక్కింటి పాతకాలపు డాబాకి మాత్రం ఐదు మెట్లు ఉన్నాయి, కరెంటు మీటరు మనిషి తలకన్నా ఎత్తులో బిగించి ఉంది. అత్తమ్మ గుమ్మం ముందు నిలబడి మెట్లు లేకపోవడం చూసి ఎంతో సంతోషపడింది.

ఓనరుగారు మమ్మల్ని చాలా అడిగారు. జీతాలెంత, చుట్టాలెంతమంది వస్తుంటారు, గోడకి మేకులు కొడతారా, పెద్దావిడకి ఏమైనా జరిగితే ఎక్కడికి తీసుకెళ్తారు. చివరిదానికి అర్థం, ఇంట్లో ప్రాణం పోతే తమకి పట్టింపు ఉందని. అన్నిటికీ జవాబు చెప్పాం. మేమూ అడిగాం. కుళాయి ఎన్ని గంటలు వస్తుంది, కరెంటు మీటరు విడిగా ఉందా, దోమలెలా ఉంటాయి, బాబుని బడికి నడిపించొచ్చా. అన్నిటికీ చక్కగా జవాబిచ్చారు. 2005 సెప్టెంబరులో బుడమేరు పొంగి ఈ సందులోకి వచ్చిందని, అప్పుడు తాము ఇదే ఇంట్లో ఉన్నామని, ఆ తరవాతే వేరేచోట ఇల్లు కట్టుకుని వెళ్లారని మాత్రం చెప్పలేదు. అది నాకు పక్కింటి మామయ్యగారు చెప్పారు, మేడ మీంచి, చుట్టూ నీళ్లుండగా.

ఈ మాట చాలామందితో అన్నాను, ఇక్కడా అంటున్నాను. ఇంట్లో చావు పట్టింపని అద్దెకొచ్చేవాళ్లని అడిగే హక్కు ఓనరుకుంటే, ఆ ఇంట్లోకి నీళ్లొచ్చాయని చెప్పే బాధ్యత కూడా ఉండాలి. కారు కొనేవాడికి యాక్సిడెంటు సంగతి దాచితే మోసం అంటాం. నలుగురు మనుషులు పడుకునే ఇంటి సంగతి దాచితే దానికి పేరే లేదు. రాతకోతల్లో దానికో గడి లేదు. అద్దె కాగితంలో మేకుల సంగతి ఉంటుంది, వరద సంగతి ఉండదు.

ఆ వీధి నిజంగా మంచిది. ఎవరూ కులం అడగలేదు. పైవాటాలో ఆటో నడిపే అతను, భార్య, ఇద్దరు ఆడపిల్లలు. ఆ పిల్లల తల్లి అయిన అమ్మాయి నన్ను మొదటిరోజే అక్కా అంది. మా అత్తమ్మ గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంటే వీధంతా పలకరించి పోయేది. బొబ్బిల్లో కూడా అంత కాలక్షేపం లేదని మా ఆయనతో చెప్పింది. శ్రావణమాసం వాయినాలకి పిలిచారు. ఇవన్నీ చెప్పకపోతే ఆ చోటికి అన్యాయం చేసినదాన్నవుతాను.

ఆగస్టు 31 శనివారం. అంతకుముందు రాత్రి పట్టిన వాన వదల్లేదు. ల్యాబ్‌కి వెళ్లిన నేను మధ్యాహ్నం మోకాళ్లలోతు నీళ్లలో నడుచుకుంటూ వచ్చాను. మొగల్రాజపురంలో కొండరాళ్లు జారి ఇళ్ల మీద పడ్డాయని, మనుషులు పోయారని దారిలోనే విన్నాను. మేం నాలుగువేలకి చూసొచ్చిన కొండ ఇళ్లు కళ్లముందు కనపడ్డాయి. ఇంటికొచ్చి అత్తమ్మతో, మీరు ఎక్కలేననడమే మంచిదయింది అన్నాను.

ఆదివారం తెల్లవారేసరికి వాన బాగా తగ్గింది. మా సందులో మాత్రం నీళ్లు పెరుగుతున్నాయి. ఆ రెండూ ఒకేసారి చూస్తుంటే మనసుకి పట్టలేదు. ఆకాశం తెరిపిచ్చింది, నీళ్లు గుమ్మం దాటుతున్నాయి. మా ఆయన గోతాంలో ఇసుక నింపి గడపకి అడ్డం వేద్దామని చూస్తుంటే పక్కింటి మామయ్యగారు తన ఐదు మెట్ల మీంచి కేకేశారు. "అది వాన నీరు కాదు బాబూ, బుడమేరు! సామాను సంగతి తరవాత, ముందు అమ్మగారిని పైకెక్కించండి!"

వెనక తలుపు సందులోంచి వంటింట్లోకి ఒక గుర్రపుడెక్క మొక్క వచ్చింది. వేళ్లతో సహా, నల్లటి తడి వేళ్లు. గచ్చు మీద మెల్లగా జరుగుతూ గ్యాస్ సిలిండరు దగ్గర ఆగింది. ఎక్కడో ఏట్లో ఉండాల్సింది నా వంటింట్లో ఉంది. దాన్ని చూశాక నేను ఇంక దేనికోసమూ ఆగలేదు. ఇన్సులిన్ పెన్నులు, సూదులు, షుగర్ చూసే మిషను ఒక పాలిథిన్ కవరులో వేసి ముడి వేసి జాకెట్లో దోపుకున్నాను. బాబుని పైకి పంపేశాను. అప్పటికి నీళ్లు మంచం పట్టీని తాకాయి.

అత్తమ్మని ఎక్కించడమే కష్టమైంది. ఇంటి బయటి మెట్లు ఇరుకు, ఒక మనిషే పట్టే వెడల్పు. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, నా చీరతో నడుముకీ కుర్చీకీ కలిపి కట్టాం. పైన ఆటో అతను కుర్చీ వీపు పట్టుకుని వెనక్కి వెనక్కి మెట్లెక్కాడు, కింద మా ఆయన కాళ్లు భుజాన మోశారు, నేను పక్కన గోడకి ఆనుకుని చెయ్యి ఆసరా ఇచ్చాను. మెట్టుమెట్టుకీ ఆవిడ "పైడితల్లీ, పైడితల్లీ" అంటోంది. మధ్యలో కుర్చీ కాలు ఒకటి పటుక్కుమంది. పైవాటా అమ్మాయి పరుగున వచ్చి దాని కింద తన మోచెయ్యి పెట్టింది. ఆ చేతి మీద కమిలిన మచ్చ చాలా రోజులు పోలేదు.

మా ఆయన మళ్లీ దిగి బియ్యం డబ్బా, గ్యాస్ స్టవ్వు, బాబు పుస్తకాల సంచి తెచ్చారు. మూడోసారి దిగబోతే నేను చెయ్యి పట్టుకుని ఆపేశాను. నీళ్లు ఛాతీదాకా వచ్చాయి. ట్రంకుపెట్టె లోపలే ఉండిపోయింది. అందులో నా డిప్లొమా సర్టిఫికెట్, మా ఇద్దరి ఆధార్ కార్డులు, బాబు పుట్టిన కాగితం ఉన్నాయి.

మేడ మీంచి చూస్తే దక్షిణం వైపు ఫ్లైఓవర్ తప్ప ఎత్తుగా ఏమీ లేదు. నీళ్లు ఎక్కడినుంచి వచ్చాయో ఆటో అతను మాకు చెప్పాడు. అతను ఇక్కడే పుట్టి పెరిగినవాడు. బుడమేరు మైలవరం అవతల కొండల్లో పుట్టి కొల్లేట్లో కలవాల్సిన ఏరు. వెలగలేరు దగ్గర రెగ్యులేటరు కట్టి, అక్కణ్ణుంచి కాలువ తవ్వి ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలోకి మళ్లించారు. ఏరు మామూలుగా ఉన్నంతకాలం ఊరివైపు పాతదారి ఎండిపోయి, మురుగు పారుతూ సన్నబడింది. దాని కడుపులో కాలనీలు లేచాయి. కృష్ణ కూడా నిండుగా ఉన్నరోజున ఆ కాలువ నీళ్లు అందులోకి దిగవు. ఆరోజు అదే జరిగింది. రెగ్యులేటరు గేట్లు ఎత్తారు, పైన కాలువ ఎడమ గట్టుకి మూడుచోట్ల గండ్లు పడ్డాయి. ఏరు తన పాతదారి పట్టింది. ఆ దారిలో సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట, కండ్రిక, వాంబే కాలనీ ఉన్నాయి. లక్షల మంది ఉన్నారు.

అతను చెప్పడం ముగించాక మామయ్యగారు తన మేడ మీంచి 2005 సంగతి, మా ఓనరు సంగతి చెప్పారు. మా ఆయన పిట్టగోడ మీద తల ఆనించి చాలాసేపు మాట్లాడలేదు.

సోమవారం ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు దాటుతోందని ఎవరిదో ఫోన్లో విన్నాం. బ్యారేజీ కట్టినప్పటినుంచీ అంత నీరు రాలేదన్నారు. కృష్ణలంక గోడ నిలిచింది. మా బ్రోకరు భయపడి చూపించని చోట జనం ఇళ్లలోనే ఉన్నారు, కృష్ణ రాదని చెప్పి చూపించిన చోట మేం మేడెక్కాం.

ఎనిమిదిమందిమి ఒక వాటాలో ఉన్నాం. మొదటిరోజు అన్నం, పప్పు వండుకున్నాం. రెండోరోజునుంచి తాగేనీళ్లకి ఇబ్బంది. వాటర్ క్యాన్‌లో సగమే ఉన్నాయి, మోటారు లేదు, చుట్టూ నీళ్లే గానీ దప్పిక్కి చుక్క లేదు. చినుకు పడినప్పుడల్లా డాబా గొట్టం కింద బిందె పెట్టి పట్టాం, గుడ్డలో వడగట్టి కాచుకున్నాం. పిల్లలకి క్యాన్ నీళ్లు, పెద్దలకి కాచినవి. నీళ్ల లెక్క చూసి అన్నం వండటం మానేసి అటుకులు తిన్నాం. పాయిఖానా గురించి ఎక్కువ చెప్పను. ఆడవాళ్లం చీకటి పడేదాకా ఆగేవాళ్లం.

నాకు అసలు భయం అత్తమ్మ గురించి. ఇన్సులిన్‌కి చల్లదనం కావాలి, ఫ్రిజ్ కింద నీళ్లలో మునిగింది. పైవాటా అమ్మాయి దగ్గరున్న పాత మట్టికుండకి తడిగుడ్డ చుట్టి, లోపల కవరు వేలాడదీశాను. వాడుతున్న పెన్ను బయటున్నా కొన్నాళ్లు పాడవదని నాకు తెలుసు. తిండి సరిగ్గా లేనప్పుడు మామూలు మోతాదు చేస్తే ప్రమాదమనీ తెలుసు. ఫోన్లో ఛార్జింగ్ ఉండగానే మా డాక్టరుగారికి చేసి అడిగితే, తిన్నదాన్ని బట్టి తగ్గించమన్నారు. తగ్గించాను. అయినా రెండోరాత్రి ఆవిడ చెయ్యి తగిలితే చల్లగా, చెమటతో జారుతోంది. పిలిస్తే మాట ముద్దగా వస్తోంది. టార్చి వెలుగులో వేలు పొడిచి చూస్తే షుగర్ 58. ల్యాబ్‌లో అలాంటి అంకెలు రోజూ చూస్తాను, కాగితం మీద ఎర్రగీత గీసి పక్కన పెడతాను. ఆ చీకట్లో ఆ అంకె చూసి నా వేళ్లు పనిచెయ్యలేదు. పైవాటా అమ్మాయి పంచదార డబ్బా మొత్తం తెచ్చి నా ఒళ్లో పెట్టింది. నీళ్లలో కలిపి చెంచాతో పోశాం. ఆవిడ తేరుకుని, "ఏటమ్మా, అందరూ నా సుట్టూ కూసున్నారు?" అన్నప్పుడు నేను ఏడ్చాను. అప్పటిదాకా ఏడవలేదు.

పడవలు పెద్దరోడ్డు మీద తిరుగుతున్న చప్పుడు వినపడేది. సందుల్లోకి రాలేదు. హెలికాప్టరు పొట్లాలు జారవిడిస్తే మాకు రెండు మేడల అవతల పడ్డాయి. డ్రోను ఒకటి మామయ్యగారి మేడ మీద వాలితే ఆయన అందులో సగం పొట్లాలు ఒక బకెట్లో పెట్టి తాడుతో మాకు అందించారు. ఒక ప్రైవేటు పడవ మా సందు మొదట్లోకి వచ్చింది. పడవతను మనిషికి రెండువేలు అన్నాడు. మా చేతిలో ఐదొందలు కూడా లేవు, డబ్బు ఉన్నదంతా ఫోన్‌పేలోనే ఉంది, ఫోన్లు చచ్చిపోయి ఉన్నాయి. దిగాక ఇస్తాం అంటే వినలేదు. వాళ్లు తెడ్డు తిప్పుకుని వెళ్లిపోతుంటే మావాడు, "మనకి డబ్బుల్లేవా నాన్నా?" అని అడిగాడు.

మర్నాడు సాయంత్రం నారింజరంగు జాకెట్లు వేసుకున్న కుర్రాళ్లు రబ్బరు పడవ తోసుకుంటూ లోపలికి వచ్చారు. నడుముల్లోతు నీళ్లలో నడుస్తూనే వచ్చారు, అడుగున ఏమున్నాయో తెలియక కర్రతో తడుముతున్నారు. మళ్లీ అదే కుర్చీ, అదే చీర కట్టు. ఈసారి ఒక కాలు తక్కువ. ఫ్లైఓవర్ దగ్గర దింపారు. అక్కడ జనం, పాలపాకెట్లు, అన్నం పొట్లాలు, ట్రాక్టర్లు, తమవాళ్ల కోసం పేర్లు పెట్టి అరుస్తున్నవాళ్లు. నా ల్యాబ్‌లో పనిచేసే అమ్మాయి పటమటలో తన గది మాకిచ్చి తను పుట్టింటికి వెళ్లింది.

గండ్లు పూడ్చడానికి సైన్యం దిగాల్సి వచ్చింది. వారానికి పూడాయి. మా సందులో నీళ్లు తీశాక వెళ్లి చూశాం. గోడ మీద నీటిగీత స్విచ్‌బోర్డు పైన ఉంది. ఫ్రిజ్ తేలి తిరగబడి వెల్లకిలా పడి ఉంది. బురద పాదం దిగబడేంత, దాని వాసన వారాలపాటు నా ముక్కులోంచి పోలేదు. ఫైరింజన్ వచ్చి వీధి వరసన ఇళ్లలోకి పైపుతో నీళ్లు కొట్టి కడిగింది. ట్రంకుపెట్టె తెరిస్తే నా సర్టిఫికెట్ మీద అక్షరాలు లేవు, స్టాంపు ఉన్నచోట ఊదారంగు మరక ఉంది. టైల్స్ మాత్రం కడగ్గానే మళ్లీ మెరిశాయి.

ప్రభుత్వం కింది వాటాలకి 25,000, పైవాటాలకి 10,000 ఇస్తామంది. 25 కిలోల బియ్యం, పప్పు, నూనె, ఉల్లి, బంగాళాదుంప, పంచదార ఇచ్చారు. ఆ బియ్యం మమ్మల్ని నిజంగా ఆదుకున్నాయి. డబ్బు దగ్గర చిక్కు పడింది. మా ఆధార్ బొబ్బిలిది. గ్యాస్ బుక్కు బొబ్బిలిది. కరెంటు బిల్లు ఓనరుది. అద్దె కాగితం ఓనరు రాయలేదు, నోటిమాటే. నష్టం లెక్కకి వచ్చిన రోజు మేం పటమటలో ఉన్నాం, ఓనరు వచ్చి ఇల్లు తమదని పేరు రాయించుకున్నారు. మునిగిన మంచం, ఫ్రిజ్, బట్టలు ఎవరివో కాగితం మీద ఎక్కడా లేదు. ఫిర్యాదు ఇచ్చాం. మామయ్యగారూ, పైవాటా అతనూ సాక్ష్యం వచ్చారు. చివరికి పనికొచ్చింది బాబు స్కూలు రశీదు. దాని మీద ఆ సందు పేరు రాసుంది, నా ఫోన్లో ఫొటో ఉంది. ఆలస్యంగానైనా డబ్బు వచ్చింది. అద్దెకుండే ప్రతివాళ్లకీ చెబుతున్నాను, ఆ ఇంటి అడ్రసు మీద మీ పేరుతో ఒక్క కాగితమైనా దిగిన వారంలోపు పుట్టించుకోండి. లేకపోతే మీరు అక్కడ బతికినట్టు ఎవరూ ఒప్పుకోరు.

మళ్లీ ఇల్లు వెతకాలి. ఈసారి ఊరు సగం వెతుకుతోంది. జూన్‌లో పదకొండన్న వాటా అక్టోబరులో పదమూడన్నారు. నేను బ్రోకరు దగ్గరికి వెళ్లలేదు. ముందు వీధిలోకి వెళ్లి ఇస్త్రీ బండి అతన్నీ, పాలు పోసే ఆమెనీ, కిరాణా కొట్టతన్నీ అడిగాను. 2005లో ఇక్కడికి నీళ్లొచ్చాయా, మొన్న వచ్చాయా, ఏ పక్కనుంచి వచ్చాయి, ఎన్నాళ్లు నిలిచాయి. ఒక్కరూ దాచలేదు. ఇస్త్రీ బండి అతను ఇంటింటినీ చూపించి, ఆ గేటుదాకా వచ్చాయి, ఈ గేటుకి రాలేదు అని చెప్పాడు. అద్దె వల్ల లాభంలేని మనిషికి నిజం చెప్పడం ఇంత సులువు. ఆ తరవాత రోడ్డుకీ గడపకీ తేడా చూశాను, ప్రహరీ గోడ మీద నీటి మరక చూశాను, పాత ఇళ్ల మీటర్లు ఎంత ఎత్తులో ఉన్నాయో చూశాను. పాత ఇళ్లవాళ్లకి అన్నీ తెలుసు, తెలిసినదాన్ని మెట్లలోనూ మీటర్లలోనూ కట్టి పెట్టుకున్నారు.

సత్యనారాయణపురంలో, పాత రైలుపట్టాలు తీసేసి వేసిన బీఆర్‌టీఎస్ రోడ్డుకి కొంచెం లోపల, సింగిల్ బెడ్రూమ్ దొరికింది. 9,500. గది చిన్నది. అత్తమ్మ మంచం వంటింటి గోడకి ఆనించి వేశాం, బాబు చదువు గుమ్మంలోనే. గుమ్మానికి మూడు మెట్లున్నాయి, మా ఆయన పక్కన ఇనపగొట్టం పాతి పట్టుకోవడానికి ఏర్పాటు చేశారు. ఎక్కువైన రెండువేల కోసం నేను తెల్లవారుజామున ఇళ్లకెళ్లి రక్తం తీసే పని కూడా ఒప్పుకున్నాను.

సంక్రాంతి వెళ్లాక పాత ఇంటి అడ్వాన్సు కోసం సింగ్‌నగర్ వెళ్లాను. గోడలకి మళ్లీ రంగు వేశారు. నీటిగీత లేదు. ఓనరుగారు ఒక జంటకి వాటా చూపిస్తున్నారు. నరసన్నపేట వైపు మాట, ఆ అమ్మాయి నెలలు నిండుతున్న మనిషి. నేను గుమ్మంలో నిలబడి, ఓనరుగారి ఎదుటే, నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో గోడ మీద చెయ్యి పెట్టి చూపించాను. ఆయన ముఖం ఎర్రబడింది. "మీ డబ్బు మీకిస్తున్నాగా, వచ్చిన పని చూసుకోండి" అన్నారు.

ఆ కుర్రాడు నన్ను గేటుదాకా సాగనంపాడు. "తెలుసక్కా, టీవీలో చూశాం. ఆరువేలకి ఇస్తున్నారు. ఇంకెక్కడా ఆరువేలకి దొరకట్లేదు" అన్నాడు. నేను అతన్ని పైవాటా అమ్మాయికి పరిచయం చేశాను. కాన్పు సమయానికి వానాకాలం రాదు గానీ, పసిబిడ్డతో వానాకాలం వస్తుంది. కాగితాలన్నీ ఒక కవరులో వేసి ఆమె అటక మీద పెట్టమన్నాను, చేతిలో ఎప్పుడూ ఒక రెండువేలు నోట్ల రూపంలో ఉంచుకోమన్నాను, నా నంబరిచ్చాను. మామయ్యగారు తన మెట్ల మీంచి, "వెలగలేరులో మా మేనల్లుడున్నాడు, గేట్లు ఎత్తితే నాకు ఫోన్ చేస్తాడు. మీకు నేను చెబుతాను" అన్నారు.

అడ్వాన్సులో ఒక నెలది ఇచ్చారు. రంగులకి పోయిందని రెండోది పట్టుకున్నారు.